పద్దెనిమిది దగ్గర నల్లదారం

నేను ఒక థర్మామీటరుని. జ్వరం చూసే రకం కాదు. నన్నెవరూ నాలుక కింద పెట్టుకోరు. మట్టిలో గుచ్చి, మట్టి ఎంత వెచ్చగా ఉందో, ఎంత చల్లగా ఉందో తెలుసుకోవడానికి చేసిన దాన్ని. మూరెడు పొడుగు, చిటికెన వేలంత లావు, లోపల సన్నని ఎర్రగీత. ఇంతే నా రూపం.

నన్ను తయారుచేసిన చోట ఒక ముసలాయన ఉండేవాడు. ముందు నన్ను మంచునీళ్ళలో ముంచి, ఎర్రగీత దిగి ఆగిన చోట ఒక గీటు పెట్టాడు. తర్వాత వేడినీళ్ళలో ముంచి, గీత ఎక్కి ఆగిన చోట ఇంకో గీటు పెట్టాడు. ఆ రెండింటి నడుమ సమంగా భాగించి అంకెలు వేశాడు. చలీ వేడీ రెండూ ఒంటిమీద పడ్డాకే నాకు అంకెలు వచ్చాయి. మనుషులకూ అంతేనేమో అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. మనుషులు ఎంత చలి చూసినా, ఎంత వేడి చూసినా, చెప్పే అంకె మాత్రం ఎదుటివాళ్ళ ముఖం చూసి చెబుతారు.

నేను మొదట చేరింది ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రంలోని విత్తనాల గదికి. ఆ గదిలో ఏడు పెట్టెలు వరుసగా ఉండేవి. ఒక్కో పెట్టెలో ఒక్కో వాతావరణం. మొదటిది పది డిగ్రీలు, అక్కడినుంచి అయిదేసి పెరుగుతూ చివరి పెట్టె నలభై. పెట్టె తలుపుమీద ఉన్న అంకె నిజమో కాదో చూడటానికి నన్ను రోజుకొక దానిలో పెట్టేవారు. ఆ పని స్వరూపది. ఇంటర్ దాకా చదివి, అక్కడ రోజుకూలి మీద కుదిరిన పిల్ల. మాట తక్కువ. తడి కాగితం మీద యాభై మక్కగింజలు, అంటే మొక్కజొన్నలు, వరుసగా పేర్చి, చాపలా చుట్టి, రబ్బరు వేసి, పెట్టెలో నిలబెట్టేది. రోజూ పొద్దున ఆ చుట్టలు విప్పి ఎన్ని మొలిచాయో చూసేది. చూసి రాసుకుంటే పని అయిపోతుంది. కానీ ఆమె రాసుకున్నాక కూడా కాసేపు చూస్తూ ఉండేది.

నేనూ చూశాను. ఇరవై అయిదు డిగ్రీల పెట్టెలో రెండో రోజుకే గింజ మొన దగ్గర తోలు చిట్లుతుంది. మూడో రోజు తెల్లని వేరు, దాని వెంటనే సూది లాంటి మొలక. ముప్ఫైలో ఇంకా తొందర. ముప్ఫై అయిదులో తొందర మరీ ఎక్కువై, మొలక పొడుగ్గా సాగుతుందిగాని వేరుకు బలం ఉండదు. నలభైలో చాలా గింజలు బూజు పట్టేవి. పదిహేనులో పదో రోజు దాకా ఓపిక పట్టాలి.

నాకు బాధ కలిగించింది మాత్రం పది డిగ్రీల పెట్టె. అందులో గింజ అన్ని గింజల్లాగే నీళ్ళు తాగుతుంది. అన్ని గింజల్లాగే ఉబ్బుతుంది. చూసేవాళ్ళకు రేపో మాపో మొలిచేలా కనిపిస్తుంది. నీళ్ళు తాగడానికి వెచ్చదనం అక్కర్లేదు, లేవడానికి కావాలి. మొదటి రెండు రోజుల్లో తాగిన చల్లని నీళ్ళే దాన్ని లోపల కోసేస్తాయి. వారం పోయాక వేలితో నొక్కితే మెత్తగా జారి, పుల్లని వాసన వేస్తుంది.

ఒకరోజు స్వరూప చేతిరుమాలులో కట్టి కంకిన్నర మక్కలు తెచ్చింది. ముదురు ఎరుపు, చింతగింజ రంగు. వాళ్ళ అమ్మ సాయవ్వ దాచిన విత్తనం. సాయవ్వ కాపురానికి వచ్చినప్పుడు అత్త చేతిలో పెట్టిన రకం. ఊరంతా దుకాణం విత్తనానికి మారి పదేళ్ళు దాటినా, ఆమె మాత్రం పది గుంటల్లో ఈ ఎర్రమక్కలే వేసుకుంటూ వచ్చింది. వాటి రవ్వతో వండిన గటక చల్లారినా గట్టిపడదని ఆమె గొప్ప. కిందటి వానాకాలం అడవిపందులు పడి చేనంతా తొక్కి తినేశాయి. అంతకు ముందటి ఏడు జడల్లా అల్లి పొయ్యిమీద వేలాడగట్టిన రెండు జడల కంకులే ఇప్పుడు మిగిలాయి. వాటికీ పురుగు తగులుతోంది.

స్వరూప అడగ్గా, పెట్టెల్లో ఖాళీ ఉందని ఆ గది చూసే సారు ఒప్పుకున్నాడు. ఏడు పెట్టెల్లో ఏడు చుట్టలు. పదిహేను డిగ్రీల్లో దుకాణం విత్తనం యాభైలో పంతొమ్మిది మొలిస్తే, ఎర్రమక్కలు ముప్ఫై నాలుగు మొలిచాయి. సారు అద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఎక్కడివి ఇవి?"

"మా అవ్వ దాసినయి సార్."

"వచ్చే పంటలో రెండు కిలోలు తెచ్చివ్వు. మీ అమ్మ పేరు రాసి చల్లగదిలో పెడదాం. మనం పోయినా అవి ఉంటాయి."

ఆ రోజు స్వరూప ముఖం నాకింకా గుర్తుంది. కానీ ఆ మొలకల్ని నాటడానికి లేదు. పరీక్ష చివర వాటి బరువు తూచాలి, అందుకు ఎండబెట్టాలి. బతికిన మొలకలన్నిటినీ తన చేత్తోనే కాగితం సంచుల్లో వేసి, ఎండబెట్టే యంత్రంలో పెట్టింది. తలుపు మూసేముందు ఒకసారి ఆగింది. తర్వాత మూసింది.

ఆ చలికాలమే గదిలోకి కొత్త మీటర్లు వచ్చాయి. అంకెలు వాటంతటవే వెలుగుతాయి. నా తల దగ్గర చిన్న పెచ్చు ఊడిందని నన్ను పక్కన పడేశారు. స్వరూప సారును అడిగి నన్ను ఇంటికి తీసుకెళ్ళింది.

వాళ్ళ ఊరు గుట్టల కింద ఉంది. పుష్యమాసం వచ్చిందంటే పొద్దు ఎక్కినా మంచు లేవదు. ఆ ఏడు వానలకు పత్తి ఆలస్యమై, చేను ఖాళీ అయ్యేసరికి చలి నడినెత్తిమీదికి వచ్చింది. ఇంకా ఆగుదామంటే వాగులో నీళ్ళు తగ్గిపోతాయి, జడల్లో పురుగు ఆగదు. అందుకే స్వరూప నన్ను తెచ్చింది. సాయవ్వకు అంకెలు రావు, తండ్రి భూమన్నకు కూడబలుక్కుంటే వస్తాయి. ఇద్దరికీ తెలిసేలా, నా ఒంటిమీద పద్దెనిమిది దగ్గర నల్లదారం చుట్టి జిగురు రాసింది.

"బాపూ, దీన్ని మట్టిల జానెడు లోతు గుచ్చి పెట్టు. పొద్దున ఎనిమిదింటికి సూడు. ఎర్రగీత ఈ దారం దాటి నాలుగు రోజులు వరుసగ ఉంటెనే గింజ వెయ్యుండ్రి. దాటకపోతే ఎవ్వలు చెప్పినా వెయ్యద్దు."

"ఎవ్వలు చెప్పినా అంటే? మీ అవ్వ చెప్పినా గూడనా?" అని భూమన్న నవ్వాడు.

"అవ్వ చెప్పినా గూడ."

ఆ మాట అనేసి స్వరూప పొద్దున బస్సుకు వెళ్ళిపోయింది.

భూమన్న మంచివాడు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే నా దిగులు. ఆయన నన్ను రెండు చేతులతో పట్టుకుని చేనుదాకా వెళ్ళాడు. ఎడ్లు మేస్తున్నాయి. పక్క చేను వాళ్ళ మేకలు గట్టుమీదే ఉన్నాయి. ఆయన నన్ను చూశాడు, ఎడ్ల డెక్కలు చూశాడు. బిడ్డ నమ్మి ఇచ్చిన గాజువస్తువు. మళ్ళీ రెండు చేతులతోనే ఇంటికి తెచ్చాడు. వచ్చేటప్పుడు ఒక పాతకుండ నిండా చేను మట్టి ఎత్తుకొచ్చాడు. కుండను వంటింట్లో గోడవారన, పొయ్యికి రెండు మూరల దూరంలో పెట్టి, అందులో నన్ను జానెడు లోతు గుచ్చాడు.

సాయవ్వ చూసి, "చేన్ల పెట్టుమన్నది గదనయ్యా పిల్ల?" అంది.

"మట్టిల పెట్టుమన్నది. ఇది మన చేను మట్టే గద. మట్టి ఏడున్నా మట్టేనే. ఆడ ఎడ్లు తొక్కి పలిగితే బిడ్డకు ఏం జెప్పాలె?"

సాయవ్వ పొయ్యి వైపు తిరిగింది. ఆ జవాబులో తప్పేమిటో ఆమెకు దొరకలేదు. నాకు నోరుంటే చెప్పేదాన్ని. మట్టి ఏడున్నా మట్టేగాని, దానిమీద పడే మంచు వేరు, దాని పక్కన మండే కట్టె వేరు.

పక్కింటి ముత్తవ్వ అగ్గి కోసం వచ్చి నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏందే సాయవ్వా, కుండల గాజుకాడ నాటినవు? ఎన్నొద్దులకు కంకి పెడ్తది?"

"నీ నోట్ల పెడ్తది గని, అగ్గి పట్కపో" అని సాయవ్వ నవ్వింది. ఆ ఇంట్లో నేను విన్న నవ్వుల్లో అది ఒకటి. ఎక్కువ వినలేదు.

రోజూ ఎనిమిదింటికి భూమన్న నా ముందు గొంతుక్కూర్చునేవాడు. అప్పటికి సాయవ్వ పొయ్యి వెలిగించి రెండు గంటలు. నా ఎర్రగీత నల్లదారాన్ని దాటి ఇరవై ఒకటి దగ్గర నిలబడేది. నేను అబద్ధం చెప్పలేదు. నన్ను పెట్టిన చోటి నిజమే చెప్పాను. అంతకంటే వేరేది చెప్పడం నాకు రాదు.

సాయవ్వకు ఆమె పద్ధతి ఒకటి ఉంది. విత్తే కాలంలో పొద్దున్నే చెప్పులు విడిచి దుక్కిలో కొంతసేపు నిలబడేది. అత్త నేర్పిన పద్ధతి. అరికాలికి మట్టి జివ్వుమని తగిలితే ఇంకా కాలం కాలేదని లెక్క. కాసేపు నిలబడినా కాలు ముడుచుకోబుద్ధి కాకపోతే విత్తొచ్చు. అయిదో రోజు ఆమె చేను నుంచి వచ్చి పొయ్యి దగ్గర పాదాలు కాచుకుంటూ అంది.

"కాళ్ళు కొంకర్లు పోతున్నయి. ఇంక రెండు వారాలు ఆగుదామయ్యా."

"నీ కాళ్ళు సదువుకున్నయానే? బిడ్డ సదువుకున్నది" అన్నాడు భూమన్న.

"సదువుకోలే గని, నలభై ఏండ్ల సంది గా సాళ్ళల్లనే నడుస్తున్నయి."

"రెండు వారాలాగితే వాగుల నీళ్ళు నీ అయ్య పోస్తడా? పురుగు ఆగుతదా?"

ఆమె పైకి చూసింది. జడలకింద నేలమీద సన్నని పిండి రాలి ఉంది. పురుగు తొలిచిన పిండి.

ఆ సాయంత్రం స్వరూప ఫోను చేస్తే భూమన్న స్పీకరు పెట్టాడు. "ఇరువై ఒక్కటి ఉన్నది బిడ్డా. అయిదొద్దుల సంది దారం మీదనే."

అవతల స్వరూప మళ్ళీ అడిగింది. "ఇరువై ఒక్కటా? గింత సలిల? మట్టిలనే పెట్టినవా బాపూ? జానెడు లోతు?"

"మట్టిలనే బిడ్డా. మన చేను మట్టిలనే. జానెడు కొలిచి పెట్టిన."

"నల్లమట్టి గద, ఎండకు వేడి పట్టుకుంటదేమో" అని తనకు తానే చెప్పుకున్నట్టు అంది స్వరూప. తర్వాత గొంతులో సంతోషం వచ్చింది. "అయితే వెయ్యుండ్రి. అవ్వా, రెండు కిలోలు నాకియ్యాలె, మరువకు. నీ పేరు రాస్తరు."

"నా పేరెందుకు బిడ్డా, మా అత్త పేరు రాయుమను" అంది సాయవ్వ.

మర్నాడు జడలు దింపారు. విత్తనం మొత్తం ఎప్పుడూ నేలకు ఇవ్వకూడదని సాయవ్వ నియమం. నాలుగు మంచి కంకులు ఏరి, బూడిద కలిపి, పిడతలో దాచింది. మిగిలినవి ఒలిచి చాటలో పోసుకుని నాగలి వెంట సాళ్ళలో జారవిడుస్తూ నడిచింది. మోటారుకు కరెంటు తెల్లవారుజామునే ఇస్తారు కాబట్టి ఆ వేళకే వాగునీళ్ళు పెట్టారు. రాత్రంతా మంచుకు చల్లబడిన నీళ్ళు. గింజ తాగిన మొదటి నీళ్ళు అవే. నేను కుండలో, పొయ్యి పక్కన, వెచ్చగా ఉన్నాను.

ఆరు రోజులకు రావాల్సిన మొలక పది రోజులకూ రాలేదు. పన్నెండో రోజున అక్కడక్కడ పసుపుపచ్చగా నాలుగు మొలకలు కనిపిస్తే, వాటిని చూసి భూమన్న ఇంటిదాకా పరుగెత్తుకొచ్చాడు. అవీ రెండు రోజులకు మొనలు చచ్చి పడిపోయాయి.

"ఉడుతలు తీసినయో, చీమలు తిన్నయో" అన్నాడాయన. "మట్టి మంచిగనే ఉన్నది. పొద్దున గూడ చూసిన, ఇరువై రెండు."

సాయవ్వ పిడత తీసింది. మూత మీద చెయ్యి ఉంచి చాలాసేపు కూర్చుంది. నా వైపు చూసింది. చదువుకున్న బిడ్డ తెచ్చింది, చదువుకున్న బిడ్డ దారం కట్టింది, ఎర్రగీత దారానికి పైనే ఉంది. ఇటు చూస్తే తన అరికాళ్ళు. ఆమె నన్నే నమ్మింది. నన్ను ఎవరైనా పూర్తిగా నమ్మింది అదొక్కసారే. ఆ నమ్మకం వద్దని చెప్పడానికి నా దగ్గర ఒక్క ఎర్రగీత తప్ప ఏమీ లేకపోయింది.

నాలుగు కంకులూ ఒలిచి, మొలవని చోటల్లా వేలితో గుంట చేసి, గింజ గింజా నాటివచ్చింది.

ఎనిమిది రోజుల తర్వాత స్వరూప సెలవు పెట్టి వచ్చింది. ఇంటికి రాకుండా బస్సు దిగి నేరుగా చేనుకు వెళ్ళిందట. చేనంతా వెతికినా నేను కనిపించలేదు. సాలు పక్కన కూర్చుని వేలితో తవ్వి చూసింది. గోళ్ళలో మట్టితో, ఆ పుల్లని వాసనతో ఇంట్లోకి వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు.

భూమన్న ఎదురువెళ్ళి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తెచ్చాడు. "సూడు బిడ్డా, నీ మీటరు. ఒక్క దెబ్బ తగులకుండ కాపాడిన. చేన్ల పెడితే ఎడ్లు తొక్కునని మట్టే ఈడికి తెచ్చిన."

స్వరూప కుండ మీద చెయ్యి పెట్టింది. కుండ వెచ్చగా ఉంది. ఆమె తండ్రిని చూడలేదు, తల్లిని చూడలేదు, ఆ పొయ్యిని చూసింది.

"మంచిగ పెట్టినవు బాపూ" అంది. "మట్టి అంటింది, కడుక్కొస్త."

నన్ను తీసుకుని చేనుకు నడిచింది. మధ్య సాలులో జానెడు లోతు గుచ్చి పక్కనే కూర్చుంది. పొద్దున ఎనిమిది దాటింది, మంచు ఇంకా గట్టుమీది ఆకుల మీదే ఉంది. నా ఎర్రగీత దిగింది. దారం దాటి దిగింది, ఇంకా దిగింది, పదమూడు దగ్గర ఆగింది. నన్ను ఉండాల్సిన చోట ఉంచడం ఆ ఊళ్ళో అదే మొదటిసారి.

వెనక సాయవ్వ వచ్చి నిలబడింది. చెప్పులు లేవు.

"ఎంతున్నది?"

"పదమూడు."

"దారం?"

"పద్దెనిమిది."

సాయవ్వ అక్కడే నేలమీద కూలబడినట్టు కూర్చుంది. ఏడవలేదు. తడిమట్టిని పిడికిట్లోకి తీసుకుని విప్పి చూసింది, మళ్ళీ మూసింది.

"నా కాళ్ళు చెప్పినయి బిడ్డా. నేనే ఇనలే."

"నేను ఇననియ్యలే అవ్వా. అవ్వ చెప్పినా వెయ్యద్దన్న గని, అవ్వ ఆగుమంటే ఆగుండ్రని చెప్పలే. ఫోన్ల గూడ ఇరువై ఒక్కటనంగనే నాకు అనుమానం రావాలె. సంతోషంల మునిగిన." స్వరూప సాలులోంచి మెత్తబడ్డ గింజ ఒకటి తీసి పక్కన పెట్టింది. "ఇంట్ల ఒక్క గింజన్న..."

"లేదు."

ఇద్దరూ అలా కూర్చునే ఉన్నారు. పొద్దెక్కి మంచు లేచేదాకా.

మధ్యాహ్నం అన్నం దగ్గర భూమన్న ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా అడిగాడు. "బిడ్డా, నిజం చెప్పు. నా తప్పేమన్న ఉన్నదా? కుండల పెట్టుడు..."

స్వరూప నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో నాకు తెలియదు. అంతకుముందే సాయవ్వ అందుకుంది.

"నీ తప్పేందయ్యా? గింజ పాతది. పురుగు పట్టింది. నేనే సక్కగ దాయలే."

భూమన్న ఆమె ముఖం చూశాడు. కూతురి ముఖం చూశాడు. కూతురు కంచం వైపే చూస్తూ, "అవు బాపూ, పాత గింజనే" అంది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆ మాట సాయవ్వకు ఎంత బరువో ఊరివాళ్ళకు తెలుసు. చిక్కుడుకైనా, సొరకైనా, కందికైనా విత్తనం కావాలంటే ఆడవాళ్ళు ఆమె గడపకే వచ్చేవారు. ఆమె దాచిన గింజ పుచ్చిపోదని పేరు. ఇప్పుడు ముత్తవ్వ నోటినుంచి ఆ మాట వాడంతా పాకింది. "సాయవ్వ దాసిన గింజ పుచ్చిందట." తర్వాతి విత్తుల కాలంలో ఆ గడపకు ముగ్గురే వచ్చారు. 

వెళ్ళేముందు స్వరూప నన్ను ఇంకో పదిరోజులు చేనులోనే ఉంచి చూడమని తల్లికి మాత్రం చెప్పింది. ఎడ్లు తొక్కకుండా సాయవ్వ నా చుట్టూ ముళ్ళకంప నాటింది. పదకొండో రోజు నా గీత నల్లదారాన్ని తాకింది. వాగులో ఇంకా మోకాలిలోతు నీళ్ళున్నాయి. ఆమె నా ముందు నిలబడి చూసి, నన్ను పీకి కొంగుతో తుడిచి, ఇంటికి తెచ్చి గూట్లో పెట్టింది.

పరిశోధనా కేంద్రంలో ఎర్రమక్కల పేరు ఒక పట్టికలో ఉందట. ఏడు పెట్టెలు, ఏడు అంకెలు. వేరు ఎంత పొడుగు, మొలక ఎంత పొడుగు, ఎండిన బరువు ఎంత. స్వరూప ఫోనులో చెబితే విన్నాను. రెండు కిలోలు ఏవని సారు అడిగితే, లేవని మాత్రం చెప్పిందట.

మళ్ళీ పుష్యం వచ్చింది. చేనులో ఆ ఏడు దుకాణం మక్కలు వేశారు, కార్తీకంలోనే, నేల వెచ్చగా ఉన్నప్పుడే. ఆకులు మోకాలెత్తు ఉన్నాయి. నన్ను అడిగే పని ఎవరికీ లేదు.

ఒక పొద్దున సాయవ్వ వాగుకు వెళ్ళినప్పుడు భూమన్న గూటి దగ్గరికి వచ్చాడు. నన్ను తీసి చొక్కా లోపల పెట్టుకున్నాడు. వెలగని పొయ్యి వైపు ఒకసారి చూశాడు. గోడవారన ఆ పాతకుండ ఇంకా ఉంది. మట్టి ఎండి పగుళ్ళు పట్టింది. ఆయన చేనుకు నడిచాడు. రెండు సాళ్ళ నడుమ నన్ను గుచ్చి, గొంతుక్కూర్చుని, తువాలు మెడకు చుట్టుకుని కనిపెట్టుకుని ఉన్నాడు.

నాకు ఆరోజు దిగాలని లేదు. కానీ నా ఇష్టంతో పనేముంది? ఆయన ఒంటి వేడి నుంచి మట్టిలోకి వచ్చాను. ముప్ఫై, ఇరవై అయిదు, ఇరవై. నల్లదారం. దారం కింద. పన్నెండున్నర దగ్గర నిలిచాను. ఆయన వంగి, పెదాలు కదుపుతూ, గీట్లు ఒక్కొక్కటే చదివాడు. మళ్ళీ చదివాడు. లేచి చెప్పులు విడిచి, సాలులో నిలబడ్డాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడంటే, పాదాలు ఎర్రబడి, తర్వాత పాలిపోయాయి.

ఇంటికి వచ్చి నన్ను తుడిచి గూట్లో పెట్టేసరికి సాయవ్వ బిందెతో వచ్చింది. ఆయన పాదాల వంక చూసింది. గూటి వంక చూసింది.

"ఏడికి పోయినవయ్యా?"

"ఎడ్ల కాడికి."

"కాళ్ళు గట్లయినయేంది?"

"ఊకెనే. సలి."

ఆమె బిందె దించింది. పొయ్యి అంటించి నీళ్ళు పెట్టింది. అవి కాగాక చెంబుతో తెచ్చి, ఆయన ముందు కూర్చుని, పాదాల మీద కొద్దికొద్దిగా పోసింది. ఆయన గోడవైపు తల తిప్పుకున్నాడు. ఆమె తల ఎత్తలేదు. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయేమోనని ముందు తన చేతిమీద పోసుకుని చూసుకుంటూ, చెంబు ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉంది.